ఎర్రాకుల చెరువు, ఇద్దరెక్కకూడని పడవ

మదోకా ఫోన్ చేసేసరికి నేను పొయ్యి మీద చిలగడదుంపలు పెట్టి ఉన్నాను.

"అమ్మా, ఆదివారం ఎర్రాకులు చూడ్డానికి వెళ్దాం. నువ్వు, నాన్న, నేను, నిషివాకి గారు. అతన్ని చూసి, మాట్లాడి, సాయంత్రానికల్లా నీ నోటితో ఒక్క మాట చెప్పాలి. సరే అంటావో, వద్దంటావో నీ ఇష్టం. నసగడం మాత్రం కుదరదు."

"నేను వద్దంటే మానేస్తావా ఏంటి?"

"మాననులే. కానీ నువ్వు భయం దిగమింగుకుని పెళ్ళికొస్తే ఫొటోల్లో నీ మొహం ఎలా పడుతుందో నాకు తెలుసు. ఆ ఫొటో గోడకి పెట్టుకుని నేను కాపురం చెయ్యలేనమ్మా. అందుకే, సరే అనాలి. గట్టిగా అనాలి."

అంతవరకూ బాగానే ఉంది. ఎక్కడికే వెళ్ళేది అని అడిగాను.

"ఇనొకషిర పార్కుకి."

పొయ్యి మీద నీళ్ళు పొంగి మంట ఆరిపోయింది. దుంపలు అలాగే వదిలేసి కుర్చీలో కూలబడ్డాను.

ఇంత పెద్ద టోక్యోలో ఆకులు ఎర్రబడే చోటు అదొక్కటేనా? ఉఎనొలో ఎర్రబడవా? గైఎన్ వీధిలో గింకో చెట్లు రెండు వైపులా పచ్చటి పసుపు రాసుకున్నట్టు నిలబడవా? అంతెందుకు, మా ఇంటి వెనక కాలువ గట్టు మీద ఆకులు ఎర్రబడే మోమిజి చెట్లు నాలుగున్నాయి. వాటి కింద నిలబడి ఆకులు చూసినందుకు ఇంతవరకూ ఎవరి పెళ్ళీ చెడలేదు.

ఇనొకషిర చెరువు సంగతి ఈ ఊళ్ళో పసిపిల్లల్ని అడిగినా చెబుతారు. జంటగా ఆ చెరువులో పడవెక్కినవాళ్ళు విడిపోతారు. చెరువు చివర ఎర్రటి గుళ్ళో వీణ పట్టుకుని కూర్చున్న బెంతెన్ అమ్మవారికి అసూయ. నేను ఆవిణ్ణి తప్పుపట్టను. ఒంటరి ఆడమనిషి. కళ్ళెదుట పొద్దస్తమానం జంటలు ఇకిలించుకుంటూ తిరుగుతుంటే ఆవిడకి మాత్రం ఎలా ఉంటుంది?

ఇదంతా వట్టి మాట అనుకోవడానికి కూడా నాకు అవకాశం లేదు. నాలుగేళ్ళ కిందట, పూలు పూసిన రోజుల్లో, మదోకా ఒక పళ్ళ డాక్టరుతో అదే చెరువులో పడవెక్కింది. వానలు మొదలయ్యేలోపు ఆ డాక్టరు ఇంకెవరినో చూసుకున్నాడు.

"అది పడవ వల్ల కాదమ్మా, వాడి బుద్ధి వల్ల" అంటుంది మదోకా.

బుద్ధి పడవ ఎక్కకముందు కూడా ఉంది కదా? ఎక్కాకే ఎందుకు బయటపడింది? ఈ ప్రశ్నకి ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు.

మా ఆయన హిదెయో టాక్సీ నడుపుతారు. రాత్రి అన్నం దగ్గర విషయం చెబితే నవ్వారు.

"ఆ పడవెక్కిన జంటలన్నీ విడిపోతే ఈ ఊళ్ళో సగం మంది పుట్టేవాళ్ళే కాదే. నా టాక్సీ వెనక సీట్లో కొట్టుకుని విడిపోయిన జంటలు అంతకంటే ఎక్కువ. నా బండికి కూడా ఒక గుడి కట్టించు."

"మీకు అన్నీ వేళాకోళమే."

"పోనీ, ఆ అబ్బాయిలో నీకు నచ్చనిదేంటో అది చెప్పు."

నచ్చకపోవడానికి నేనింకా అతన్ని చూడనే లేదు. నాకు తెలిసిందల్లా మదోకా చెప్పిందే. పేరు నిషివాకి ర్యోహే. సొంతూరు నగానో కొండల్లో. ఆకాశాన్నంటే మేడలకి బయట వేలాడే తొట్టెలుంటాయి చూశారూ, అద్దాలు తుడిచేవాళ్ళు నిలబడేవి, వాటినీ వాటి తాళ్ళనీ తనిఖీ చెయ్యడం అతని ఉద్యోగం. ఆ తొట్టెల్లో నిలబడి అద్దాలు తుడిచేది ఎవరనుకున్నారు? నా కూతురే. మూడేళ్ళప్పుడు బీరువా ఎక్కి దూకిన పిల్ల, ముప్ఫై నాలుగొచ్చినా ఇంకా కిందికి దిగలేదు. తను పనిచేసే షింజుకులో గాలి వీస్తోందని టీవీలో చెబితే చాలు, మా ఇంట్లో నా చేతిలో గిన్నె జారిపోతుంది.

నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు. పదిహేనో ఏట బడి మానేసి మేజోళ్ళు అల్లే ఫ్యాక్టరీలో చేరాను. ఒక్క కుట్టు జారితే మేజోడు మొత్తం ఎలా ఊడిపోతుందో రోజూ చూసినదాన్ని. అందుకే జారబోయే కుట్టు నాకు అందరికంటే ముందు కనబడుతుంది. దాన్ని మావాళ్ళు భయం అంటారు.

ఆదివారం పొద్దున్నే లేచి అన్నం ఉండలు చుట్టాను, గుడ్డట్టు చుట్టలు కోశాను, తియ్యటి టోఫు సంచుల్లో అన్నం కూరాను. తర్వాత సంచిలో గొడుగులు, కడుపునొప్పి మాత్రలు, కట్టు గుడ్డలు, టార్చి, విజిలు, ఒక జత పొడి మేజోళ్ళు కూడా పెట్టాను. మా ఆయన సంచి ఎత్తి చూసి, "ఇది ఆకులకి సర్దావా, భూకంపానికి సర్దావా?" అన్నారు.

"భూకంపం చెప్పి వస్తుందా?"

"రాదు. ఆకులైతే చెప్పే వస్తాయి. ఏటా ఇదే నెలలో."

కిచిజోజి స్టేషను మెట్ల దగ్గర వాళ్ళిద్దరూ నిలబడి ఉన్నారు. అబ్బాయి పొడుగు, సన్నం. ద్వారబంధాలకి చాలాసార్లు తల కొట్టుకున్నవాడిలా కాస్త వంగి ఉన్నాడు. నన్ను చూడగానే ఎంత లోతుగా వంగి నమస్కరించాడంటే, వీపు మీది సంచి జారి నెత్తిమీదికొచ్చింది.

"అత్తయ్యగారూ, నేను నిషి..." అని ఆగిపోయాడు. చెవులు మోమిజి ఆకుల్లా ఎర్రబడ్డాయి. "క్షమించండి. మదోకా గారి అమ్మగారూ."

"పర్లేదులే బాబూ, సగం దూరం ముందే వచ్చేశావు" అన్నారు మా ఆయన. ఈయనకి ఎప్పుడు ఊరుకోవాలో తెలియదు.

అబ్బాయి సంచిలోంచి వాళ్ళ ఊరి చెస్ట్‌నట్ మిఠాయి పెట్టె తీసి రెండు చేతులతో ఇచ్చాడు. పెట్టె తీసినా సంచి ఇంకా ఉబ్బే ఉంది. ఆకులు చూడటానికి వచ్చినవాడికి అంత సంచి ఎందుకో నాకు అర్థం కాలేదు. ఈ రాత్రికే సామానుతో దిగిపోతాడేమో అనిపించింది.

పార్కులోకి మెట్లు దిగుతుంటేనే జనం. కెమెరాలవాళ్ళు, స్వెట్టర్లు తొడిగిన కుక్కలు, తోపుడు బండ్లలో మనవల్ని కూర్చోబెట్టుకున్న ముసలివాళ్ళు. చెరువు చుట్టూ మోమిజి చెట్లు ఎర్రగా నీళ్ళ మీదికి వంగి ఉన్నాయట. ఉన్నాయట అని ఎందుకంటున్నానంటే, అందరూ పైకి చూస్తూ "ఆహా, ఓహో" అంటున్నప్పుడు నేను నీళ్ళకేసి చూస్తున్నాను. వంతెన పక్కన రేవు, రేవు నిండా పడవలు. తెడ్ల పడవలు, కాళ్ళతో తొక్కే హంస పడవలు. హంసలన్నీ మెడలెత్తి మావైపే చూస్తున్నాయి.

"అటు వద్దు, ఇటు వెళ్దాం. ఇటువైపు ఆకులు ఇంకా ఎర్రగా ఉన్నాయి" అన్నాను.

"అమ్మా, అది టాయిలెట్టు."

"దాని వెనక."

ఎలాగో వాళ్ళని రేవు దాటించి గుడి వైపు నడిపించాను. వచ్చినవాళ్ళం అమ్మవారికి దణ్ణం పెట్టుకోకపోతే ఆవిడకి ఇంకా కోపం వస్తుంది కదా. చిన్న వంతెన దాటి ఎర్రటి గుడి ముందు నిలబడ్డాం. నేను అయిదు యెన్ల బిళ్ళ వేసి, చేతులు జోడించి, కళ్ళు మూసుకుని అమ్మవారితో మనసులో ఇలా చెప్పాను:

"అమ్మా, ఈ పొడుగు అబ్బాయి మా అమ్మాయికి ఏమీ కాడు. మా వారి తమ్ముడి కొడుకు. ఊరినుంచి వస్తే ఆకులు చూపిద్దామని తీసుకొచ్చాం. అన్నాచెల్లెళ్ళు తల్లీ. జంట కాదు. నువ్వేం పట్టించుకోకు."

దేవతకి అబద్ధం చెప్పడం తప్పే. కానీ పిల్ల బతుకు ముందు తప్పేంటి, ఒప్పేంటి? కళ్ళు తెరిచి చూస్తే మదోకా ఎప్పుడో దణ్ణం పెట్టేసి అవతల ఒక కుక్కపిల్లని ముద్దు చేస్తోంది. నా పక్కన అబ్బాయి మాత్రం ఇంకా కళ్ళు గట్టిగా మూసుకుని పెదాలు కదుపుతూనే ఉన్నాడు. నెమ్మదైన పిల్లాడే, భక్తి ఉంది అనుకున్నాను.

బెంచీ మీద కూర్చుని అన్నం తిన్నాం. అబ్బాయి టోఫు సంచులు ఒక్కొక్కటీ బాగా నమిలి తిన్నాడు. అది చూసి మా ఆయన, "నువ్వు తినేది కూడా తనిఖీ చేస్తావా బాబూ?" అని అడిగారు. అబ్బాయి నిజంగానే ఆలోచించి, "అలవాటండీ" అన్నాడు. మదోకా పడీ పడీ నవ్వింది. అన్నం డబ్బాలు సర్దుతుండగా లేచి ఒళ్ళు విరుచుకుని, నేను పొద్దుట్నుంచీ దేనికి భయపడుతున్నానో ఆ మాట అననే అంది.

"ఇక పడవెక్కుదామా? ఈ ఆకులు నీళ్ళ మీంచి చూస్తేనే చూసినట్టు."

నేను వెంటనే మోకాలు పట్టుకున్నాను. "అబ్బా! నడవలేనే. పొద్దుట్నుంచీ లాగేస్తోంది. ఇంటికి పోదాం పదండి."

"ఏ మోకాలే?" అన్నారు మా ఆయన.

"ఇదిగో, ఇదే."

"మరి పట్టుకున్నది రెండోది."

"రెండూ!"

మదోకా నా ముందు గొంతుకు కూర్చుని నా మొహంలోకి చూసింది. పెదాల చివర నవ్వు. "అయ్యో పాపం అమ్మ. నడవలేకపోతే పడవే మంచిది కదా? కూర్చుని అన్నీ చూడొచ్చు. అడుగు తీసి అడుగు వెయ్యక్కర్లేదు."

నా గొయ్యి నేనే తవ్వుకున్నాను. ఇక మిగిలింది ఒకటే దారి, వాళ్ళిద్దరినీ ఒకే పడవ ఎక్కనివ్వకపోవడం. "అయితే నేను నిషివాకి గారితో..." అని నేనూ, "అయితే నేను అమ్మగారితో..." అని అతనూ ఒక్కసారే అన్నాం. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మదోకా మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసి, వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని హంస పడవ వైపు నడిచింది.

అలా నేను, మా ఇంటికి అల్లుడు కావలసినవాడు, తెడ్ల పడవలో ఎదురెదురుగా కూర్చున్నాం. అతను బలంగా తెడ్లు వేస్తున్నాడు. పడవ మాత్రం ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతోంది.

"నిషివాకి గారూ, గుడి మళ్ళీ వచ్చింది" అన్నాను.

"క్షమించండి. నాకు కుడి చెయ్యి బలం ఎక్కువ."

"ఈత వచ్చా?"

"రాదండీ. మాది కొండ ఊరు. మీకో?"

"రాదు."

ఇద్దరం ఒకసారి రేవు వైపు చూశాం. అప్పుడతను తెడ్లు వదిలి, ఆ ఉబ్బిన సంచి తెరిచి, గాలి ఊదుకునే లైఫ్ జాకెట్లు రెండు బయటికి తీశాడు. ఒకటి నాకిచ్చి, "ఎందుకైనా మంచిదని" అన్నాడు. నేను నా సంచిలోంచి విజిలు తీసి అతనికి చూపించాను. అతను ఎంతో గౌరవంగా తలూపాడు.

"అంటే పడవ ఎక్కాల్సొస్తుందని ముందే అనుకున్నారా?" అన్నాను జాకెట్టు ఊదుకుంటూ.

"ఇనొకషిర అని మదోకా గారు అన్నప్పట్నుంచీ నాకు నిద్రలేదండీ. మా ఆఫీసులో ఒకాయన ఇక్కడ భార్యతో పడవెక్కాడు. రేవుకి తిరిగొచ్చేసరికే వాళ్ళు మాట్లాడుకోవడం మానేశారట."

"చూశారా! మా ఆయన వినరు!"

"అందుకే పొద్దున్న గుడి దగ్గర..." ఆగాడు. "చెప్తే మీరు తప్పుగా అనుకుంటారు."

"చెప్పండి బాబూ."

"అమ్మవారికి ఒక మాట చెప్పుకున్నాను. మదోకా గారు నాతో పనిచేసే ఆవిడ మాత్రమేనని. తాళ్ళ సంగతి మాట్లాడుకోవడానికి వచ్చామని. మా మధ్య ఇంకేమీ లేదని."

"అయ్యో! మీరు మా వారి తమ్ముడి కొడుకని చెప్పాను కదా నేను!"

పడవ నెమ్మదిగా ఒక చుట్టు తిరిగింది. గుడి మళ్ళీ కనబడింది. ఇద్దరం అటు చూడకుండా తలలు దించుకున్నాం.

"రెండూ కలవ్వేమో" అన్నాడు గొంతు తగ్గించి.

"కలపొచ్చు. తమ్ముడి కొడుకైతే మాత్రం ఒకే చోట పనిచెయ్యకూడదా?"

"కానీ ఇంటిపేరు? మీరు ఒకుయామ. తమ్ముడి కొడుకైతే నేనూ ఒకుయామ అవ్వాలి."

"ఇల్లరికం వెళ్ళారని చెబుదాం. అక్కడివాళ్ళ ఇంటిపేరు వచ్చిందని."

"అప్పుడు నాకు పెళ్ళైపోయినట్టు కదండీ."

"అవును. అదీ కుదరదు." నేను తల పట్టుకున్నాను. "ముందు ఒక్క ఫోన్ చేసి ఉంటే ఇద్దరం ఒకే మాట అనుకునేవాళ్ళం."

"మీ నంబరు అడిగానండీ. మదోకా గారు ఇవ్వలేదు. మీరిద్దరూ మాట్లాడుకుంటే నేనింక గుమ్మం కూడా దాటలేనన్నారు."

అంతలో పడవ ఎవరూ నడపకుండానే గట్టుకి చేరి ఒక మోమిజి కొమ్మ కింద ఆగింది. కొమ్మ నా టోపీ పట్టుకుంది. అతను టోపీ విడిపించడానికి లేవబోయి, లేవకూడదని గుర్తొచ్చి, కూర్చునే చెయ్యి చాచి ఒక్కొక్క రెమ్మనీ ఓపిగ్గా తప్పించాడు. ఆ చేతుల వంక చూస్తూ అడిగాను.

"మదోకా మీకెలా పరిచయం?"

"ఒక మేడ మీద. ఆ రోజు తొట్టె తనిఖీ నాది. అంతా బాగానే ఉంది, ఆవిడ దిగబోతున్నారు. నేను ఆపి నడుం తాడు మళ్ళీ చూశాను. దిగబోతుంటే ఇంకోసారి ఆపాను. 'ఇంకెన్నిసార్లు చూస్తారు?' అని కోప్పడ్డారు. 'మీరు పైకొచ్చాక కూడా చూస్తాను' అన్నాను." అతను టోపీ మీది ఆకు దులిపి నాకిచ్చాడు. "ఇప్పుడు వేరే మేడల్లో పనున్నా, నా వంతు కాకపోయినా, ఆవిడ దిగే రోజు పొద్దున్నే వెళ్ళి ఆ తాళ్ళు ఒకసారి పట్టుకు చూసొస్తున్నానండీ. ఈ సంగతి ఆవిడకి తెలీదు. దయచేసి చెప్పకండి. ఆవిడకి దేనికీ భయం లేదు. నాకు భయం దానికే."

ఇన్నేళ్ళుగా షింజుకులో గాలి వీచినప్పుడల్లా నేను మా వంటింట్లో నిలబడి చెయ్యలేకపోయిన పని అది. నేను ముక్కు చీదుకున్నాను. చలిగాలి కదా.

"నిషివాకి గారూ" అనబోయి, "ర్యోహే" అన్నాను. "ఇంకో అన్నం ఉండ ఉంది, తింటావా?"

తిన్నాడు. అతను తింటుంటే నాకు కొత్త భయం పట్టుకుంది. పొద్దుటిదాకా ఇతను ఎవరో అబ్బాయి. పోతే పోయాడనుకోవచ్చు. ఇప్పుడు అలా కాదు. ఈ అబ్బాయి పోతే ఇలాంటివాణ్ణి మళ్ళీ ఎక్కణ్ణుంచి తేవాలి? అందుకే వీళ్ళిద్దరూ కలిసి పడవ ఎక్కడానికి అసలే వీల్లేదు.

"చప్ చప్" మని చప్పుడు వినబడి తల తిప్పితే కొమ్మల వెనక హంస మెడ. ఎప్పుడు వచ్చి ఆగారో తెలియదు. మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు.

"ఏమే, జాకెట్లేంటే? ఈ చెరువు నడుం లోతు కూడా ఉండదు! పొడుగు కాబట్టి ఆ అబ్బాయికి మోకాళ్ళ దాకానే!"

మదోకా నవ్వడం లేదు. అలాగని కోపంగానూ లేదు. "నీళ్ళ మీద మాట ఎంత బాగా వినబడుతుందో మీ ఇద్దరికీ తెలీదనుకుంటా" అంది. "పనిచేసే ఆవిడ. చెల్లెలు. ఇల్లరికం. నన్ను ఇంకేమైనా చెయ్యడం మిగిలిందా?"

ర్యోహే నత్తలా మెడ జాకెట్టులోకి లాగేసుకున్నాడు. తాళ్ళ సంగతి కూడా విన్నదో లేదో తను చెప్పలేదు. అతనూ అడగలేదు. హంస ముందు, మేము వెనక రేవుకి చేరుకున్నాం. మా పడవ తిన్నగా వెళ్ళడానికి మా ఆయన నా గొడుగు తీసుకుని దాని పిడి వంపు తగిలించి లాగవలసి వచ్చింది.

రేవు మీద మదోకా నా చెయ్యి పట్టుకుని దింపింది. "ఇప్పుడు చెప్పు. అతనెలా ఉన్నాడు?"

"మంచివాడే, కానీ..."

"కానీ?"

"అమ్మవారు..."

"టోక్యో అంతా గాలించి గాలించి మా అమ్మలాంటివాణ్ణే వెతుక్కొచ్చాను చూడు, నన్ననాలి" అంది. తర్వాత గొంతు కాస్త తగ్గింది. "అమ్మా, ఈ చోటు నేను కావాలనే ఎంచుకున్నాను. మీరిద్దరూ నన్ను ఈ చెరువు చుట్టూ జన్మంతా నడిపిస్తారు. ఇవాళ పడవ, రేపు ఇల్లు మారే రోజు, ఎల్లుండి పిల్లకి పేరు. ఈ పడవలో ఒక్కసారి అతనితో కూర్చుని రావాలి నాకు. ఏమవుతుందో అవనీ. ర్యోహే, నువ్వు ఎక్కనంటే ఇప్పుడే చెప్పు. నేనేం అనుకోను."

అనుకుంటుంది. తల్లిని, నాకు తెలుసు. అది అలా నవ్వకుండా నిలబడిందంటే లోపల ఎంత అనుకుంటోందో నాకు తెలుసు.

ర్యోహే ఒకసారి గుడి వైపు చూశాడు. ఒకసారి నావైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాను. అతను జాకెట్టు విప్పి మడిచి నా చేతిలో పెట్టాడు.

"తను రోజూ ముప్ఫై అంతస్తుల పైన వేలాడుతుందండీ. నేను మోకాళ్ళ లోతు నీళ్ళలో కూర్చోలేకపోతే ఇంక ఏ మొహం పెట్టుకుని తాళ్ళు చూడను?" అని, పడవలోకి దిగి కూర్చున్నాడు. కాళ్ళు వణుకుతున్నాయి. పడవ కూడా వణికింది.

మదోకా ఒక్క గెంతులో ఎదురుగా కూర్చుంది. నేను పడవ అంచు పట్టుకున్నాను.

"వదులమ్మా."

"ముందు భద్రంగా వెళ్ళి రండి. మాట సంగతి దిగాక చెబుతాను."

"దిగాక కాదు. నసగొద్దన్నాను."

మా ఆయన వచ్చి నా వేళ్ళు ఒక్కొక్కటే అంచు మీంచి తీశారు. ఇన్నేళ్ళుగా స్టీరింగు పట్టుకున్న చేతులు, నాకంటే బలం. పడవ కదిలింది. ఈసారి మదోకా ఒక తెడ్డు, అతనొక తెడ్డు వేశారు. తిన్నగా చెరువు మధ్యకి పోయింది. సరిగ్గా గుడికి ఎదురుగా వెళ్ళాక నా కూతురు ఏం చేసిందో తెలుసా? పడవలో లేచి నిలబడింది.

"అమ్మా! చెప్పు!"

పడవ అటూ ఇటూ ఊగుతోంది. ర్యోహే రెండు చేతులతో దాని కోటు అంచు పట్టుకుని ఉన్నాడు. వంతెన మీద ఆకులకి ఫొటోలు తీస్తున్నవాళ్ళందరూ కెమెరాలు ఇటు తిప్పారు.

"కూర్చోవే పిచ్చిదానా!"

"చెబితే కూర్చుంటా!"

"సరే!" అన్నాను.

"వినబళ్ళేదు!"

"సరేనే! సరే అంటున్నాను! నీ పెళ్ళికి నాకు సరే! ఆ అబ్బాయి బంగారం! ముందు కూర్చో, నీ కాళ్ళు పట్టుకుంటాను!"

పుట్టి బుద్ధెరిగాక అంత గట్టిగా నేనెప్పుడూ అరవలేదు. వంతెన మీద ఎవరో చప్పట్లు కొట్టారు, తర్వాత అందరూ కొట్టారు. మదోకా రెండు చేతులూ పైకెత్తి, ఠక్కున కూర్చుంది.

"కిచిజోజి సగం సాక్ష్యం ఇప్పుడు. ఇంక వెనక్కి తీసుకోలేవు" అన్నారు మా ఆయన.

రేవు మనిషి పెద్ద విజిలు ఊది, పడవలో నిలబడకూడదని మైకులో మందలించాడు. నేను ఆయన వైపు తిరిగి నడుం వంచి క్షమాపణ చెప్పాను, వంతెన మీదివాళ్ళకి వేరే చెప్పాను. సరిగ్గా అప్పుడే చెరువు మధ్యలో ర్యోహే కూడా రేవు వైపు తిరిగి, మదోకా చేతిలోని తెడ్డు కూడా తనే పట్టుకుని, తల మోకాళ్ళకి తగిలేలా వంగి క్షమాపణ చెబుతున్నాడు. వంగడంలో రెండు తెడ్లూ చెయ్యి జారి నీళ్ళలో పడ్డాయి. నెమ్మదిగా, ఎర్రాకుల మధ్య నుంచి, చెరో దిక్కుకి తేలిపోయాయి.

"ఏవండీ, ఏవండీ! తెడ్లు!" అంటూ నేను పరుగెత్తి హంస పడవలోకి దూకాను. మోకాలి సంగతి ఎవరూ అడగలేదు. మా ఆయన పక్కన కూర్చుని తొక్కడం మొదలుపెట్టారు. నేను ముందుకి వంగి గొడుగు చాచి, "కుడికి, కుడికి, అయ్యో దాటిపోతోంది" అంటూ తొందరపెడుతున్నాను. మొదటి తెడ్డు గొడుగు వంపుకి తగిలించి పైకి లాగేసరికి చెరువు మధ్యకి వచ్చేశాం.

అప్పుడు గానీ తట్టలేదు. పడవలో నేను, మా ఆయన. ఇద్దరమే. ఎదురుగా ఎర్రటి గుడి.

నేను ఆయన వంక చూశాను. ఆయన నా వంక చూడలేదు. పళ్ళు బయటపెట్టి నవ్వుకుంటూ, తీరిగ్గా, రెండో తెడ్డు వైపు తొక్కుతున్నారు.